పెనుకొండలో రద్దీ తగ్గిందంట

హలో… హలో… ఆ, నేనే, శైలజక్కనే. నా ఫోను నేను గాక ఇంకెవురు ఎత్తుతారు?

యాడ పోయినావురా శామూ? రాత్రంతా చేస్తాండాము, చేస్తాండాము… స్విచ్చాఫ్, స్విచ్చాఫ్. మెసేజీలు పెడ్తి. చూసినావా?… ఇప్పుడే ఆన్ చేసినావా. ఇంకా ఏమీ చూల్లేదా. సరే, అయితే విను —

… ముందు నేను చెప్పేది —

… అవార్డా? ఏం అవార్డు?

ఆ… ఆ… పెనుకొండ సెల్‌ఫోను టవర్లలో. సాయంత్రం పూట నూటికి డెబ్బై వంతులు రద్దీ తగ్గింది. … నువ్వు రాసిన కంప్యూటర్ ప్రోగ్రాంతోనే. … కంపెనీవాళ్ళు రాత్రి పెద్ద హోటల్లో పార్టీ ఇచ్చినారు. అందుకని ఫోను ఆపి జేబులో పెట్టుకుంటివి. … నేను హైదరాబాదుకొచ్చి స్టేజీ ఎక్కాల్నా? ఎక్కి? 'మా తమ్ముడు శామ్యూల్‌కు కాలేజీలో నెట్‌వర్కుల పాఠం చెప్పింది నేనే' అని రెండు మాటలు మాట్లాడాల్నా?

థూ.

… నీకు సరిగానే ఇనపడింది. థూ అంటి. ఇంగోసారి అనమంటావా?

గమ్మునుండి విను. నీకు బిడ్డ పుట్టింది. నిన్న పొద్దు గుంకినాంక. ఆడబిడ్డ.

… అవునురా, నిజమే. … తేదీకి ఇంకా దినాలుండాయంటే? డాక్టరు రాసిచ్చిన తేదీ కడుపులో బిడ్డకు ఎట్ల తెలుస్తుంది? … నగు. కడుపునిండా నగు. ఇంక రవంతసేపే నువ్వు నగేది.

… రాధ ఉండాది. … ఎట్లుండాదంటే, ఉండాది. రాత్రంతా రక్తం ఎక్కించినారు. ఇంకా ఎక్కించాలంటాండారు.

… కాదు, వాళ్ళమ్మ ఇంట్లో కాదు. ఎర్రమంచిలో లేము. హిందూపురం ఆసుపత్రిలో ఉండాము. నేను వరండాలో నిలబడి మాట్లాడ్తాండా. మీ అత్త అన్నమ్మ లోపల రాధ మంచం పట్టుకొని కూచోనుండాది, రవంత కాఫీ తాగిరా అంటే లెయ్యదు. … పాప గాజుపెట్టెలో ఉండాది. పుట్టినప్పుడు శానాసేపు ఏడ్వలేదంట. ఇప్పుడు ఏడుస్తాంది, పిల్లికూన మాదిరి. ఈ దినం గడిస్తే భయం లేదని డాక్టరమ్మ చెప్పింది.

… నువ్వు ఏడ్వొద్దు. ఏడ్చేదానికి ఇంకా టైముండాది. ఏం జరిగిందో ముందు విను. నేను మధ్యలో ఆపను, నువ్వూ అడ్డం రావొద్దు.

నిన్న సాయంత్రం ఎర్రమంచిలో గాలీవానా. రాధకు నొప్పులొచ్చినాయి. ఇంట్లో ఎవురుండారు? మీ అత్త ఒక్కతే. ఆయమ్మ ఏం చేసింది? ఆ ఊర్లో ఏ తల్లైనా చేసేదే చేసింది. ఫోను తీసుకొని కుళ్ళాయప్పకు మిస్డ్ కాల్ ఇచ్చింది.

… కుళ్ళాయప్పరా. పెనుకొండ ఆటో ఆయప్ప. నీ పెండ్లికి చుట్టాలందర్నీ చర్చికి మోసింది ఎవురనుకుంటివి?… ఆ, ఆయప్పే.

ఆయప్ప ఫోను ఎత్తడు. ఎత్తితే చేసినోళ్ళకు దుడ్లు పోతాయని ఎత్తడు. ఎత్తకుండానే పని జరిగేట్ల ఊరికంతా ఒక కట్టుబాటు పెట్టినాడు. ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే బస్టాండుకో సంతకో పోవాల, ఖాళీ అయినప్పుడు రా. రెండిస్తే మూటలుండాయి, రవంత తొందర. వరసగా మూడిస్తే ఆసుపత్రి. మూడు పడినాయంటే కూచున్న బేరాన్ని కూడా రోడ్డు మీద దింపేసి వస్తాడు. పాము కరిచినా మూడే, పురుగులమందు తాగినా మూడే, కాన్పుకైనా మూడే. ఎర్రమంచిలో పసిపిల్లోనికి కూడా తెల్సు ఈ సంగతి.

… అదిగో. అదే మాట పోయినసారీ అంటివి. 'దుడ్లు పెట్టకుండా నెట్‌వర్కును వాడుకునే జనం.' మీ మేనేజరు నోట్లో మాట నీ నోట్లోకి వచ్చేసింది. ఇన్‌కమింగ్‌కు దుడ్లు తీసేసినాంకనే కదరా మా పక్క ఊర్లలోకి ఫోన్లొచ్చింది? కూలికి పోయే ఆడది రోజుకు ఎన్ని కాల్స్ మాట్లాడ్తుంది? నువ్వు చదివేటప్పుడు నాకు మిస్డ్ కాల్ ఇచ్చినోనివి కాదా? 'అక్కా, మెస్సు బిల్లు కట్టాల' అని మిస్డ్ కాల్‌తోనే కదా నన్ను లేపుతాంటివి!

… సరే, అది వదిలెయ్. ఇప్పుడు నువ్వు చెప్పు. వరసగా మూడు కాల్స్. ఎత్తకముందే కట్టయినవి. నీ ప్రోగ్రాం దాన్ని చూసి ఏమనుకుంటుంది?

… చెప్పు.

… సొల్లొద్దు. పోయినవారం నువ్వే కదా గొప్పగా చెప్తివి? ఒక నెంబరు నుంచి ఎత్తకముందే తెగిపోయే కాల్స్ వరసగా వస్తే, రద్దీ చేసేది ఆ నెంబరే. దాన్ని కొంచేపు ఆపాల. మళ్ళీ చేస్తే రెండింతలు ఆపాల. ఇంకా చేస్తే దానికి రెండింతలు. … అదేనా కాదా?… అదే.

మొదటి కాల్ పోయింది. కుళ్ళాయప్ప చూసుకున్యాడు. అన్నమ్మ నెంబరు, ఒకటే. బస్టాండుకేమో, వాన నిలిచినాంక పోదాంలే అనుకున్యాడు. టీ అంగట్లో కూచున్యాడు. ఆయప్పది తప్పా? చెప్పు, ఆయప్పది తప్పా?

రెండోది ఆయప్పకు మోగకముందే గాలికి దానంతట అదే తెగిపోయింది. మూడోది నొక్కేలోపల నీ ప్రోగ్రాం పట్టుకునింది. ఫోన్లో ఎవురో ఆడమనిషి గొంతు, లైన్లు రద్దీగా ఉండాయి, తర్వాత చెయ్యండి అని. మీ అత్తకు చదువు రాదుగానీ మాట అర్థమైతాది. రవంతసేపు ఆగింది కూడా. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే గొంతు. లోపల కూతురు నొప్పులకు అరుస్తాంటే ఏ తల్లి ఆగుతుందిరా? నొక్కింది, నొక్కింది… ఆయమ్మ నొక్కేకొద్దీ నువ్వు ఇంకా వెనక్కి నూకితివి.

… మరి ఎవురు నూకినారు? నేనా?

… ఎదురింటి ఆదెమ్మ పరిగెత్తుకొనొచ్చింది. ఆయమ్మ ఫోనుతోనూ చేసి చూసినారు. ఆయమ్మ పొద్దు మళ్ళినప్పట్నుంచి పాలాయనకు మిస్డ్ కాల్స్ ఇచ్చుకోనుండాది. దాంట్లోనూ అదే గొంతు.

… ఏందీ? పోలీసు నెంబరుకు చేసింటే ఆపదా నీ ప్రోగ్రాం? ఆహా. ఫోను చేస్తే వచ్చే ఆసుపత్రి బండి మా పక్కకు ఇంకా రానేలేదు, కాన్పుకు పోలీసోళ్ళను పిలుస్తారా ఎవురైనా? నువ్వు ఎర్రమంచి అల్లునివా, లేక ఆకాశం నుంచి ఊడిపడినావా?

… వేరే బండి ఎందుకు చూడలేదంటావా. కుళ్ళాయప్ప వస్తాడనిరా! ఇన్నేండ్లలో ఒక్కసారన్నా రాకుండా ఉంటే కదా. మొదటిది మోగింది, చూసే ఉంటాడు, దోవలో ఉంటాడు, వచ్చేస్తాడు… అని ఇద్దరాడోళ్ళు వానలో వాకిట్లో నిలబడుకున్యారు. ఆ నిలబడుకున్న సేపే రాధ ప్రాణం మీదికొచ్చింది.

ఆఖరికి ఆదెమ్మ హైవే మీదికి పరిగెత్తి, హిందూపురం మార్కెట్టుకు పోయే పట్టుగూళ్ళ టెంపోకు అడ్డం పడి ఆపింది. గంపలు పక్కకు నూకి రాధను పండబెట్టినారు. పాప ఆ టెంపోలోనే పుట్టింది. పైన వానకు పట్ట, కింద చీకటి. మీ అత్త బొడ్డు… వద్దులే. అవన్నీ చెప్తే నేను ఏడుస్తా. ఇప్పుడు నాకు ఏడ్చే పని లేదు.

… లేదు, డాక్టరమ్మ ఎవుర్నీ ఏమనలేదు. రవంత ముందు తీసుకొనొచ్చింటే ఇంత రక్తం పోయేది కాదనింది. అంతే అనింది.

… కుళ్ళాయప్ప ఈడే ఉండాడు. సంగతి తెలిసి రాత్రే వచ్చేసినాడు. గేటుకాడ ఆటో నిలబెట్టుకొని, వచ్చేపోయేవాళ్ళకంతా ఫోను చూపిస్తాండాడు. 'చూడండప్పా, ఒకటే వచ్చింది. గూగూడు సామి మీద ఆన, ఒకటే వచ్చింది' అని. పెద్దాయన. చిన్నపిల్లోని మాదిరి ఏడుస్తాండాడు. నీ పని వల్ల వచ్చిన ఏడుపు ఆయప్ప ఏడుస్తాండాడు.

… దేవుని చిత్తమా? దేవుని మీదికి నూకొద్దురా! నేనూ నీ పక్కన మోకాళ్ళూని ప్రార్థన చేసినదాన్నే. దేవుడు ప్రోగ్రాంలు రాయడు.

నాకు అసయ్యం యాడ పుట్టిందో తెల్సా? తెలీక చేసింటే పోనీలే అనుకుంటాంటి. నీకు తెల్సు. నీ ఇంజినీరింగు ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఏంది? … నోరు తెరిచి చెప్పు. … ఆ, అదే. గాలిలో పోయే నెట్‌వర్కులో రద్దీని ఎట్ల అదుపు చెయ్యాల అనేది. నా ఇంట్లో కూచొనే కదా రాస్తివి? నేను ముద్ద కలిపి పెడ్తాంటే, నువ్వు తింటా చెప్తాంటివి. వైరు మీద పంపింది చేరలేదంటే యాడో రద్దీ అయిందని అర్థం, ఆగి పంపాల. గాలిలో పంపింది చేరలేదంటే, రద్దీనే అని అనుకోకూడదు. కొండ అడ్డమొచ్చిండొచ్చు. వాన పడిండొచ్చు. చేతిలో ఫోను రవంత పక్కకు తిరిగిండొచ్చు. దానికి ఆపేది మందు కాదు, వెంటనే మళ్ళీ పంపేదే మందు. అందుకని ముందు సిగ్నల్ ఎట్లుండాదో చూడాల, ఎందుకు పోయిందో తెలుసుకోవాల, ఆపాల్నా వద్దా అనేది ఆ తర్వాత. … ఎవురు రాసినారు ఇది? నువ్వే. ఇంత మంచి ప్రాజెక్టు మా కాలేజీలో నేను మళ్ళీ చూల్లేదు. నా తమ్ముడని చెప్పేదానికి ఎంత మురిసిపోతినో నాకే తెల్సు.

ఆ ముందు సగం యాడ పోయింది శామూ? సిగ్నల్ చూసేది?

… తీసేసినావా.

… ఎందుకు?

… అది పెడితే రద్దీ తగ్గేది నూటికి పది వంతులే కనపడ్తాంది. తీసేస్తే డెబ్బై. … పదికి అవార్డు ఇయ్యరు. … తీసెయ్యమని మేనేజరు చెప్పినాడా, నువ్వే తీసేస్తివా? … 'ఇంకా బాగా కనపడేట్ల చూడు' అన్యాడు. నువ్వు చూసినావు.

చదవకముందు కాకరకాయ అంటాన్యావు, చదివినాంక కీకరకాయ అంటాండావు.

ఆ డెబ్బై ఎట్ల వచ్చిందో నేను చెప్తా విను. సంతలోకి జనాన్ని రానియ్యకుండా గేటుకు బీగమేసి, లోపల చూడండి ఎంత ఖాళీగా ఉండాదో అని చూపించినట్ల. అంతే. … ఫిర్యాదులు కూడా తగ్గినాయా? ఎట్ల వస్తాయిరా ఫిర్యాదులు? ఫిర్యాదు చేసేదీ ఆ ఫోనుతోనే కదా!

… అవును, సిగ్నల్ బాగుండేవానికి ఏమీ కాలేదు. నేనెప్పుడు కాదంటి? టవరు కింద ఇల్లుండేవానికి ఒక్కసారికే దొరుకుతుంది, నగుతా మాట్లాడుకుంటాడు. తెగిపోయేది కొండ మరుగున ఉండేవాళ్ళవి. మళ్ళీ మళ్ళీ చేసేది వాళ్ళే. నువ్వు ఆపేదీ వాళ్ళనే. రద్దీ చేసేది ఒకరు, దెబ్బలు ఇంకొకరికి. ఇది నువ్వు చేసిన బాగు.

… ఊఁ. … ఊఁ. … సరే, చేసింది చేసినావు. ఇప్పుడు ఏం చేస్తావు? అది చెప్పు.

… నిమిషంలో అయిపోతుందా. మంచిది, అయితే ఇప్పుడే — ఏందీ?

… మళ్ళీ చెప్పు. నేను సరిగా ఇన్లేదేమో.

… మీ అత్త నెంబరు ఒక్కటి పక్కన పెట్టిస్తావు. ఇంక ప్రోగ్రాం దాన్ని ముట్టుకోదు. ఎన్ని మిస్డ్ కాల్స్ అయినా ఇచ్చుకోవచ్చు. … నా నెంబరు కూడానా. ఆహాహా, ఎంత దయరా నీకు!

మరి ఆదెమ్మ? వానలో బండ్లకు అడ్డం పడి నీ పెండ్లాన్ని బతికించిందే, ఆయమ్మ నెంబరు? … అది కూడా పెట్టిస్తావా. ఆయమ్మ పక్కింటోళ్ళది? ఆ పక్క వీధిది? చుట్టుపక్కల పల్లెలోళ్ళవి? పక్కన పెట్టాలంటే వాళ్ళంతా మీకు చుట్టాలు కావాల్నా?

… సోమవారం ధర్మవరంలో కూడా పెడ్తాండారా. … ఆగదా. … సంతకాలు అయిపోయినాయి. … ధర్మవరంలో ఎవురూ కనరా శామూ? ఆడ మనుషులకు పాములు కరవవా?

… ఏందీ?

… ఈ సంగతి ఇంకా ఎవురెవురికి తెల్సు అనా అడుగుతాండావు?

ఒకడు ఇల్లు కాలి ఏడుస్తాంటే, ఇంకొకడు చుట్టకు నిప్పు అడిగినాడంట. ఒరే, కాలింది నీ ఇల్లేరా! చుట్ట పట్టుకొని నిలబడిందీ నువ్వే!

రాత్రి రాధ చీర నెత్తురు పిండిన చేత్తోనే ఈ ఫోను పట్టుకొనుండా.

… అరవొద్దు. … అరవొద్దంటి.

… ఉద్యోగం పోతాదా. పోతాదేమో, నాకు తెలీదు. తప్పయిందని చెప్పేవానికి అవార్డు ఇయ్యరు, అది మటుకు నిజం. కానీ నాకు తెల్సింది ఒకటుండాది. ధర్మవరంలో పెట్టకముందే ఆ తీసేసిన సగం మళ్ళీ పెట్టు. పెట్టి, తగ్గేది పది వంతులే అని అందరి ముందర నిలబడి చెప్పు. పది నిజం. డెబ్బై అబద్ధం. స్టేజీ ఎక్కి నేను రెండు మాటలు మాట్లాడాలంటివే, ఆ రెండు మాటలు ఇవే. పిలుస్తావా నన్ను?

… ఆలోచిస్తావా. ఆలోచించు.

… ఆ, అత్తా!… వాడే, శామూనే. … లేచిందా? వస్తాండా. — శామూ, కట్ చెయ్యొద్దు. రాధ లేచిందంట, నన్ను పిలుస్తాంది. లోపలికి పోతాండా, ఉండు…

ఏమ్మా రాధా? రవంత నీళ్ళు తాగుతావా?… అవును, లైన్లోనే ఉండాడు. … అంతా ఇన్యావా? అయ్యో, కిటికీ తెరిచుండేది నేను చూసుకోలేదు కదమ్మా. … అవును, మీ అమ్మ నెంబరు పక్కన పెట్టిస్తాడంట. … ఇదో ఫోను, మాట్లాడు. … మాట్లాడవా?… సరే, సరే, లెయ్యొద్దు, ఆయాసమొస్తాది. నాకు చెప్పు, నేను చెప్తా. … ఆ. … ఆ…

… సరేమ్మా. చెప్తా.

శామూ, రాధ మాట్లాడనంటాంది. … కోపమా? కోపం నాది. ఆ పిల్లకు ఏముండాదో నాకు తెలీదు. ఒక్క మాట చెప్పమంటాంది. రాధ చెప్పింది చెప్పినట్లే చెప్తా, నా మాట ఒకటీ కలపను.

బిడ్డను చూసేదానికి రమ్మంటాంది. … ఉండు, తొందరపడొద్దు, ఇంకా అయిపోలేదు. హైదరాబాదులో కారెక్కి నేరుగా ఆసుపత్రికి రావొద్దంట. ముందు ఎర్రమంచిలో దిగాలంట. సాయంత్రం పూట, నీ ప్రోగ్రాం పని చేసేటప్పుడు. వాళ్ళమ్మ వాకిట్లో నిలబడి, అప్పటికి పెనుకొండకు తిరిగి పోయుండే కుళ్ళాయప్పకు మూడు మిస్డ్ కాల్స్ ఇయ్యాలంట. ఆయప్ప ఆటోలోనే ఈడికి రావాలంట.

… లేదు, నీ ఫోనుతో కాదు. … వాళ్ళమ్మ ఫోనుతో కూడా కాదు. నువ్వు పక్కన పెట్టిస్తావని ఇనింది కదా. … ఆదెమ్మ ఫోనుతోనూ కాదంటాంది, దాన్నీ పెట్టిస్తానంటివి. ఆ వీధిలో ఎవురిదో ఒకరిది, పేరు ముందే చెప్పదంట. నువ్వు ఆడికి పోయినాంక చెప్తుందంట.

… మూడూ పోకపోతేనా?

రాధా, మూడూ పోకపోతే ఏం చెయ్యాల అని అడుగుతాండాడమ్మా.

…

'మా అమ్మ మాదిరే నిలబడి నొక్కుతా ఉండమనొదినా' అంటాంది.

… ఇంకేం చెప్పలేదురా. అట్ల తిరిగి పండుకొనింది.

… నేను పెట్టేస్తాండా.